ఊపిరితిత్తి ప్రొసీజర్ అయ్యాక ఇంట్లో ఆ మొదటి రెండు వారాలు

నాకు ఏప్రిల్‌లో కుడి ఊపిరితిత్తిలో ఒక రక్తనాళం మూసేశారు. రెండో రోజుకే డిశ్చార్జ్ చేసి ఒక కాగితం చేతిలో పెట్టారు, దాని చివర్న ఇంగ్లీష్‌లో ఒకే లైను, ఇబ్బందిగా ఉంటే రండి అని. ఏది ఇబ్బంది, ఏది మామూలు అనేది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇంటికొచ్చాక నేను, అమ్మ, మా ఆయన ముగ్గురం ప్రతి నొప్పికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. నాలాగే ఇంటికొచ్చి భయపడుతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

మాది అనంతపురం పక్కన ఊరు, పెళ్ళయ్యాక బెంగళూరులో మారతహళ్ళి. చిన్నప్పట్నుంచి నాకు ముక్కులోంచి రక్తం కారేది, నాన్నకీ అంతే. ఎండాకాలం వస్తే చాలు వేడి చేసిందని సబ్జా నీళ్ళు, బార్లీ, తలకి ఆముదం. అది హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య జబ్బు అని నాకు 34 ఏళ్ళు వచ్చేదాకా తెలీదు. ఇందులో కొన్నిచోట్ల రక్తనాళాలు సన్నటి కేశనాళికలుగా విడిపోకుండా ధమని నేరుగా సిరలోకి కలిసిపోతుంది. ఊపిరితిత్తిలో అలా అయితే రక్తానికి ఆక్సిజన్ సరిగ్గా అందదు, అంతకన్నా పెద్ద విషయం ఏంటంటే మామూలుగా అక్కడ ఆగిపోవాల్సిన చిన్న చిన్న గడ్డలు, బ్యాక్టీరియా వడపోత లేకుండా మెదడుకి వెళ్ళిపోవచ్చు, స్ట్రోక్ కానీ మెదడులో చీము కానీ వచ్చేది అందుకే. నాకు మెట్లెక్కితే ఆయాసం ఉండేది, కోవిడ్ టైంలో కొన్న ఆక్సీమీటర్ పెడితే పడుకున్నప్పుడు 95, లేచి కూర్చుంటే 90. కూర్చుంటే తగ్గడం ఏంటని మేం వింతగా చూశాం కానీ డాక్టర్ గారు ఆ ఒక్క మాట వినగానే బబుల్ ఎకో (ఊపిరితిత్తిలో ఇలాంటి నాళం ఉందా అని చూసే గుండె స్కాన్), తర్వాత సీటీ రాశారు. రక్తం తెచ్చే నాళం 2, 3 మిల్లీమీటర్లు ఉన్నా మూసేయడమే మంచిదంటారు, నాది 5 ఉంది. గజ్జల దగ్గర సిరలోంచి సన్నటి ట్యూబు పంపించి నాళాన్ని మూసేసే కాయిల్స్, అంటే సన్నటి తీగ చుట్టలు, లోపల పెట్టారు, కోత లేదు, కుట్లు లేవు.

కుట్లు లేవు కాబట్టే ఏం కాలేదనుకున్నాం, అదే పొరపాటు. ఇంటికొచ్చిన రోజు సాయంత్రం కింద పడిన మాత్రల స్ట్రిప్ కోసం గొంతుకూర్చున్నా. లేస్తుంటే గజ్జల దగ్గర ఏదో వెచ్చగా అనిపించింది, చెయ్యి పెడితే బ్యాండేజ్ కింద నిమ్మకాయంత ఉబ్బు, గట్టిగా ఉంది, చూస్తుండగానే ఇంకొంచెం పెరిగింది. అమ్మ పసుపు పెడదామంది. మా ఆయన హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే అవతల నర్సమ్మ గారు చాలా నిదానంగా చెప్పింది, మేడంని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి, కాలు చాపి ఉంచండి, సరిగ్గా గుచ్చిన చోట అరచేత్తో గట్టిగా ఒత్తండి, 15 నిమిషాలు చెయ్యి తీసి చూడొద్దు, అప్పటికీ పెరుగుతుంటే 108కి చేయండి అని. చెయ్యి తీసి తీసి చూస్తే రక్తం ఆగదంట. ఆయన మోచెయ్యి వణుకుతున్నా చెయ్యి తీయలేదు. ఆగింది. తర్వాత వారం పాటు అక్కడ నల్లగా, ఆకుపచ్చగా కమిలి తొడ దాకా దిగింది, కమిలిన రంగు కిందికి జారడం మామూలేనంట. ఉబ్బు పెరగడం, కాలు చల్లబడటం, తిమ్మిరి ఎక్కడం మాత్రం మామూలు కాదు.

మూడో రోజు రాత్రి ఛాతీ నొప్పి. కుడివైపు పక్కటెముకల కింద, ఊపిరి సగం దాకా తీసుకోగానే ఎవరో లోపల్నుంచి పట్టుకుని ఆపేసినట్టు. దగ్గొస్తే ప్రాణం పోయినట్టుండేది, దిండు గుండెలకి హత్తుకుని దగ్గేదాన్ని. జ్వరం 100 దగ్గర. నిజంగా పోతానేమో అనుకున్నా. పొద్దున్నే వెళితే ఎక్స్‌రే, ఈసీజీ తీసి చెప్పారు, నాళం మూసేశాక ఆ చుట్టుపక్కల పొర వాస్తుంది, కొంతమందికి ఇలా వస్తుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుందని. పారాసిటమాల్‌తోనే తగ్గింది. ముక్కు రక్తం కారే మాలాంటోళ్ళు ఆస్పిరిన్ లాంటివి సొంతంగా మింగకూడదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఊపిరి తీస్తే పొడిచి, కదలకుండా ఉంటే తగ్గి, ఆక్సీమీటర్ నెంబర్ పడిపోకుండా ఉంటే అది నా మామూలు నొప్పి అని అప్పుడు తెలిసింది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు చూపించుకోవాల్సిందే, ఎందుకంటే ఊపిరితిత్తిలో కొత్తగా గడ్డ పడినా అచ్చం ఇలాగే పొడుస్తుందంట. నొప్పితో పాటు ఆయాసం, గుండె దడ, ఒక పిక్క వాపు ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించొద్దు.

అందుకే వెంకట్రామా క్యాలెండర్ మీద రోజూ రెండు నెంబర్లు రాసేదాన్ని, పడుకుని ఎంత, కూర్చుని ఎంత. ప్రొసీజర్ తర్వాత నాకు రెండూ 97, 98. మన నెంబర్ ఎంతో మనకి తెలిస్తేనే తగ్గిందో లేదో తెలుస్తుంది.

ఆరో రోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే వాష్‌బేసిన్‌లో రక్తం. మాలాంటోళ్ళకి ఇది పెద్ద చిక్కు, రాత్రి ముక్కులోంచి కారింది గొంతులోకి దిగి పొద్దున ఉమ్మితే ముదురు రంగు ముక్కల్లా వస్తుంది. ఊపిరితిత్తిదైతే దగ్గుతో వస్తుంది, ఎర్రగా, నురగలాగా. నాది ముక్కుదే అనిపించింది కానీ ఫోటో తీసుకుని మరీ వెళ్ళా, ఈఎన్‌టీ చూసి ముక్కుదేనన్నాడు. వెళ్ళినందుకు ఎవరూ తిట్టలేదు.

మా ఇంట్లో ఫ్రిజ్ మీద స్ట్రోక్ గుర్తులు రాసి అతికించిన కాగితం ఒకటుంది, మాట తడబడటం, మూతి ఒక పక్కకి లాగడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు ఉన్నట్టుండి మసకబారడం, ఇవి ఐదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే వెళ్ళాలి అని. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఇవి మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు కదా, అందుకే ఏ హాస్పిటల్‌లో 24 గంటలూ సీటీ, స్ట్రోక్ టీం ఉన్నాయో ముందే కనుక్కుని పెట్టుకున్నాం. అమ్మకి ఇంగ్లీష్ రాదు కాబట్టి అది తెలుగులోనే రాశా, పగలు ఇంట్లో ఉండేది తనే.

ఇంకోటి, గాలి బుడగైనా బ్యాక్టీరియా అయినా వడపోత లేకుండా మెదడుకి వెళ్ళొచ్చు కాబట్టి ఎక్కడ సెలైన్ ఎక్కించినా ట్యూబులో గాలి బుడగ లేకుండా చూడమని నేనే అడుగుతా, పంటి పనికి ముందు యాంటీబయాటిక్ గురించి అడుగుతా. మూసిన నాళం కొందరికి మళ్ళీ తెరుచుకుంటుంది కాబట్టి ఆరు నెలలకి సీటీ ఉంది.

ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. మా తమ్ముడికీ ముక్కులోంచి రక్తం కారుతుంది, వాడింకా వేడి అనే అంటున్నాడు, ఆఫీసులో రిలీజ్ ఉందక్కా వచ్చే నెల చూద్దాం అని మూడుసార్లు వాయిదా వేశాడు. ఈ మంగళవారం బబుల్ ఎకోకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా, పొద్దున ఏడింటికి కేఆర్ పురంలో వాళ్ళ పీజీ ముందు నేనే ఉంటా.