డ్రాప్ సీ ట్యూనింగ్‌కి పికప్ ఎంచుకున్నాను

గిటార్‌తో వచ్చిన పికప్‌లతో (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) రాక్ వాయించినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. డ్రాప్ సీకి (లావు తీగ సీ స్వరానికి వచ్చేలా మామూలు కంటే కింది శ్రుతికి) దించి, యాంప్‌లో కరుకుదనం కోసం గెయిన్ పెంచి, అరచేతి అంచుతో తీగల్ని అదిమి పామ్ మ్యూట్ చేస్తే మాత్రం లావు తీగ మీద దెబ్బలు విడివిడిగా వినపడక ముద్దయిపోయేవి. ఇంకా లావైన 12–56 తీగల సెట్టు వేశాక వదులు తగ్గింది, ముద్ద మాత్రం పోలేదు. ఇక బ్రిడ్జ్ హంబకర్, అంటే బ్రిడ్జ్ వైపున ఉండే రెండు కాయిల్స్ పికప్, మార్చాల్సిందే.

మెటల్ అనగానే అందరూ చెప్పేది ఈఎంజీ 81. మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఏళ్ల తరబడి వాడింది అదే. కానీ అది యాక్టివ్: లోపల సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్, దానికి 9 వోల్టుల బ్యాటరీ. నా గిటార్‌లో బ్యాటరీకి చోటే లేదు. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే 500కె పాట్స్ తీసి 25కె వేయాలి, స్టీరియో జాక్ కావాలి. పైగా కేబుల్ పీకడం మర్చిపోతే బ్యాటరీ దిగిపోతుంది. నా సంగతి నాకు తెలుసు కదా, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ వైపే మొగ్గాను.

చివరికి సెమోర్ డంకన్ కంపెనీ వాళ్ల జేబీ, డిస్టార్షన్ అనే రెండు పికప్‌లు మిగిలాయి. పికప్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్ ఎంత ఎక్కువైతే అంత హెవీ అంటుంటారు. ఈ రెండూ 16 కిలో ఓమ్స్ పైచిలుకే, సౌండ్ మాత్రం వేరు. జేబీలో ఆల్నికో 5 అయస్కాంతం, డిస్టార్షన్‌లో సిరామిక్. స్నేహితుల గిటార్లు తెచ్చి, నా యాంప్‌లోనే ఒకే రిఫ్ వాయించి చూశాను. సోలోలకు జేబీ హాయిగా పాడింది, వేగంగా డౌన్‌పికింగ్ (ప్రతి దెబ్బా పైనుంచి కిందికే) చేస్తే మెత్తబడింది. డిస్టార్షన్ కరుకుగా, బిగువుగా నిలబడింది. బ్లూస్ వాళ్లు చెవులు మూసుకుంటారేమో గానీ నాకు కావలసింది అదే.

కోఠీ గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్లు బాగుచేసే అన్న దగ్గర సోల్డరింగ్ చేయించాను.

“ఎరుపే కదా తమ్ముడూ, సిగ్నల్ వచ్చే హాటు వైరు?”

“కాదన్నా, అది డిమార్జియో కంపెనీ పికప్‌లకి. దీనికి నలుపు.”

ఆకుపచ్చ వైరు, తొడుగులేని వైరు కలిపి గ్రౌండ్‌కి. ఎరుపు, తెలుపు ఒకదానికొకటి అతికించి టేపు చుట్టాడు.

ఇంటికొచ్చాక పికప్ ఎత్తు సరిచేశాను. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, లావు తీగ వైపు పికప్‌ని తీగకు రెండు మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ దూరం ఉండేలా కిందికి దించితే దెబ్బ దెబ్బకీ మధ్య ఖాళీ వినపడింది. మిగిలిన గుయ్‌మనే హమ్ పికప్‌ది కాదు, ఆ గది సాకెట్‌కి ఎర్తింగ్ లేదు. నెక్ పికప్ జోలికి పోలేదు, క్లీన్ వాయించడానికి పాతదే బాగుంది.