రోకలి బొమ్మ ఉన్న బియ్యం సంచి

పదకొండు దాటింది, నిద్ర పట్టట్లేదు. కారణం వంటింట్లో గోడకు ఆనించి ఉన్న ఐదు కిలోల బియ్యం సంచి.

అమ్మకు అరికాళ్లలో తిమ్మిర్లు. డాక్టరు గారు బి కాంప్లెక్స్ రాసిచ్చి, తెల్లన్నం తగ్గించి ముడి బియ్యమో దంపుడు బియ్యమో వాడమన్నారు. ఆన్‌లైన్‌లో వెతికి దంపుడు బియ్యం తెప్పించాను. మామూలు బియ్యానికి రెండింతల పైన ధర. సంచి మీద చక్కటి బొమ్మ, కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతులా రోకలి ఎత్తి పట్టుకున్న ఒకావిడ. ఆ బొమ్మ చూసే కొన్నానని ఒప్పుకుంటున్నా.

అమ్మ రెండు గుప్పెళ్లు చేటలో పోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కసారి చెరిగి ఆపేసింది. "ఇది రోకటి దెబ్బ యాడ తినింది? చూడు, ఒక్క గింజయినా ముక్కు విరగలా" అంది. దంచిన బియ్యమైతే ఒక గింజ ఎర్రగా ఒక గింజ తెల్లగా, ఒంటి మీద గీతలు గీతలుగా ఉంటుందట, నూక ఉంటుందట, అక్కడక్కడా వడ్లగింజ తగులుతుందట. వీటిలో అలాంటిదేమీ లేదు. అన్నీ ఒకే రంగు, ఒకే పొడుగు, అచ్చు పోసినట్టు.

సంచి మీది నంబరుకు ఫోన్ చేశాను. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, రోకలితో దంచుతారా అమ్మా అని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "ట్రెడిషనల్ ప్రాసెస్ మేడమ్" అనే చెప్పింది. చివరికి ఇంకెవరికో ఇస్తే ఆయన విసుగ్గా చెప్పాడు, మిల్లులో పొట్టు మాత్రం తీస్తారట. అంటే రెండు రబ్బరు రోలర్లు వేరు వేరు వేగాలతో తిరుగుతుంటాయి, మధ్యలో పడిన వడ్లగింజకు పొట్టు ఊడిపోతుంది, తవుడు పొర అట్టాగే ఉంటుంది. మంచిదే. ఒంటికి కావాల్సింది కూడా అదే. మరి ముడి బియ్యం అని రాసుకుని ఆ ధరకే అమ్ముకోవచ్చు కదా! ఎవరూ ఎత్తని రోకలికి నా దగ్గర డబ్బులు తీసుకోవడం ఏంటి? మా ఆయనేమో, "తవుడు ఉందా లేదా, అది చెప్పు" అని లేచి వెళ్లిపోయారు. నాకు ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

ఇది చాలదన్నట్టు సాయంత్రం చిన్నోడి సోషల్ పరీక్ష ఒకటి. వస్తువులు తయారుచేసే పద్ధతులు సమాజాన్ని ఎలా మార్చాయి, నాలుగు మార్కుల ప్రశ్న. ఆవిరి యంత్రం, స్పిన్నింగ్ జెన్నీ, ఫ్యాక్టరీలు, వలసలు అని గడగడా అప్పజెప్పాడు. వాడి తప్పేం లేదు. కానీ ఇన్ని వేల ఏళ్లుగా వడ్లను బియ్యం చేసుకుంటున్న మనుషులం, నెల్లూరు బియ్యం అని ఊరి పేరే బియ్యానికి పెట్టుకున్నవాళ్లం, మన పాఠంలో బియ్యం లేకపోవడం ఏంటో.

డిగ్రీలో మా హిస్టరీ మేడమ్ చెప్పిన సంగతొకటి అప్పుడు గుర్తొచ్చింది. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అని ఒక మఠం ఉండేది. ఊళ్లో ఎవరు పిండి కావాలన్నా మఠం మిల్లులోనే ఆడించాలి, రుసుము కట్టాలి. ఇళ్లలో తిరగళ్లు పెట్టుకోకూడదు. 1331 ప్రాంతంలో మఠాధిపతి ఇంటింటి తిరగళ్లూ లాక్కుని, ఆ రాళ్లతో తన గదికి నేల పరిపించుకున్నాడు. యాభై ఏళ్ల తరవాత 1381లో రైతులు తిరగబడినప్పుడు ఆ నేల తవ్వి, రాళ్లు పగలగొట్టి, ముక్కలు ఇంటింటికీ పంచుకున్నారు. క్లాసులో విన్నప్పుడు వింతగా అనిపించింది. రాతిముక్కలతో ఏం చేసుకుంటారు, అని.

ఇవాళ చేట ముందు కూర్చుంటే మా అమ్మమ్మ కళ్ల ముందుకొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లుంటాయి. తాతయ్య బండి మీద వడ్ల బస్తాలు, వాటి మీద నేను, వెనక అమ్మమ్మ. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మిల్లు. లోపలికి పోతే ఏమీ వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నా అంత వెడల్పు బెల్టు ఒకటి పైనుంచి కిందికి తిరుగుతూ ఉండేది, దాని దగ్గరికి పోతానని తాతయ్య నా జడ పట్టుకుని నిలబడేవాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము. గొట్టం కింద చెయ్యి పెడితే బియ్యం వేడిగా, అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా వెచ్చగా పడేవి. వాటిని నోట్లో వేసుకుంటే తియ్యగా ఉండేవి, ఆ తీపి మళ్లీ ఏ బియ్యంలోనూ దొరకలేదు. వేరే గొట్టంలోంచి తవుడు. అసలు గొడవంతా అక్కడే. తవుడు మిల్లుకే వదిలేస్తే కూలి వద్దన్నాడు మిల్లాయన. తాతయ్య సరేనన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆ మోతలో ఆమె అరుపు నాకు వినపడలేదు కానీ, తవుడు బస్తా మూతి రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడిన తీరు గుర్తుంది. కూలి డబ్బులు కొంగులోంచి తీసి లెక్కపెట్టి ఇచ్చి, తవుడు బండెక్కించింది. ఇంట్లో రెండు బర్రెలు, వాటి పాలడబ్బులు ఆమెవి, తాతయ్యవి కావు.

ఇప్పుడు ఆ తవుడును నేనే మూడు రకాలుగా కొంటున్నా. నూనె డబ్బాలో తవుడు నూనె, మందుల డబ్బాలో బి కాంప్లెక్స్, గోడకు ఈ సంచి.

బెరిబెరి, అంటే తవుడులో ఉండే బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు, దాని కథ కూడా ఇదే కదా. ఆవిరి మిల్లులు వచ్చి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం చవకయ్యాక ఆసియాలో సైన్యాల్లో, జైళ్లలో జనం కాళ్లు చచ్చుబడి పోయారు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు దగ్గర కోళ్లకూ అలాంటి జబ్బే వచ్చింది, అవి మిలిటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తింటున్నాయి. వంటవాడు మారాడు. కొత్తవాడు సైన్యం అన్నం కోళ్లకు పెట్టనన్నాడు, పొట్టు మాత్రం తీసిన బియ్యం పెట్టారు, కోళ్లు లేచి తిరిగాయి. తరవాత 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన సర్కారు జిల్లాల్లోనూ ఆ జబ్బు ఉండేది, 1920ల్లో కూనూరులో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు దాని మీద పనిచేశాడు. ఉడకబెట్టి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం తినేవాళ్లను మాత్రం అది పెద్దగా తాకలేదు.

అందుకే గాంధీగారు 1934లో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యాన్ని పట్టుకున్నారు. 1958లో కేంద్రం మిల్లులకు లైసెన్సులు పెట్టి దంపుళ్లను కాపాడాలని చట్టం కూడా చేసింది. రాత్రి అన్నం తినేటప్పుడు ఇదంతా అమ్మకు చెప్పి, ఆ చట్టం గట్టిగా నిలబడి ఉంటే ఎంత బాగుండేది అన్నాను.

అమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది. "బాగుండేదా? దంచేది ఎవురు?"

కోడి కూయకముందే లేవాలి. ఎదురెదురుగా ఇద్దరు, ఒక పోటు పెద్దమ్మది, ఒక పోటు అమ్మమ్మది, చెరిగేది అమ్మ. ఆ పూటకు సరిపడా బియ్యం అయ్యేటప్పటికి తెల్లారేది, అరచేతులు కాయలు కాసి పగిలి ఉప్పు తగిలితే మండేవి. పెద్దమ్మ మూడో తరగతిలో బడి మానేసింది. ఊళ్లోకి కరెంటు మిల్లు వచ్చిన ఏడే అమ్మను ఆరో తరగతిలో వేశారు. ఇద్దరికీ ఐదేళ్ల తేడా, అంతే. అమ్మ పదో తరగతి దాకా చదివింది, పెద్దమ్మ సంతకం పెట్టడం అరవై దాటాక నేర్చుకుంది. పెద్దమ్మకు చదువు రాలేదనే ఇన్నాళ్లూ అనుకున్నా, సిగ్గేస్తోంది.

కాబట్టి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మిల్లు రావాల్సిందే.

అని ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ చెయ్యి కడుక్కుంటూ అమ్మ ఇంకోటి చెప్పింది. పెద్ద రైతుల ఇళ్లలో దంపుళ్లకు వచ్చే ఆడవాళ్లు ఉండేవాళ్లట. కూలిగా కాసిని బియ్యం, నూకలు, కాస్త తవుడు. వాళ్లలో భర్త పోయిన ఒకావిడ, మిల్లు వచ్చాక కూడా కొన్నాళ్లు రోజూ పొద్దున్నే వచ్చి అమ్మమ్మ వాకిట్లో నిలబడేదట, పని ఉందేమో అని. మొదట్లో అమ్మమ్మ ఏదో ఒక పని చెప్పేది. తరవాత ఆమె రావడం మానేసింది. ఎక్కడికి పోయిందని అడిగితే, "ఏమోనే, మేం అడగలా" అంది అమ్మ. అని చాలాసేపు కొళాయి కట్టకుండా నిలబడింది.

సంచి మీది బొమ్మ మళ్లీ చూశాను. చేతికి గాజులు, ముఖాన నవ్వు, అరచేతులు కనపడకుండా గీశారు.

బియ్యం వెనక్కి పంపమని మా ఆయన అంటున్నారు. పంపను. అమ్మ కాళ్లకు కావాలి. ఇప్పుడే లేచి వచ్చి, "నానేసినావా, అవి ఊరికే ఉడకవు" అని అడిగి మళ్లీ పడుకుంది. నానేశాను.