విరేచనాలు ఆగాయి, జబ్బు ఆగలేదు

పంటి చిగురులో చీము పట్టి దవడంతా వాచినప్పుడు పంటి డాక్టరు క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ మందు అప్పుడు నాకు అవసరమే. వాపు దిగింది, నొప్పి పోయింది. కోర్సు పూర్తయి పంటి సంగతి మరిచిపోతున్న సమయంలో నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. పడనిదేదో తిన్నానేమో అనుకున్నాను. కానీ అవి తగ్గలేదు. పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, రాత్రిళ్లు కూడా నిద్రలోంచి లేపే విరేచనాలు. అక్క వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. విరేచనాలు కట్టే మాత్ర వేసుకుంటానంటే, "డాక్టర్ని అడక్కుండా ఏదీ వేసుకోకు" అని ఆపింది. ఆపడమే మంచిదైంది. ఇలాంటి ఇన్‌ఫెక్షన్ ఉందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు పేగు కదలికను ఆపే మందుల జోలికి సొంతంగా వెళ్లకూడదని తర్వాత డాక్టరు చెప్పారు.

విరేచనాల కోసం చూపించుకున్న డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" మల పరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వదిలే విషపదార్థం కనిపించింది. ఈ బ్యాక్టీరియాను 1935లోనే పసిపిల్లల మలంలో గుర్తించారు. చాలామంది పసిపిల్లల్లో అది ఏ హానీ చేయకుండా ఉంటుంది. యాంటీబయాటిక్ తర్వాత పెద్దపేగు లోపలి పొర పుండుపడే జబ్బుకు కారణం ఇదేనని తేలింది మాత్రం 1970ల చివర్లో.

నన్ను పట్టి ఊపేసిన ప్రశ్న ఒకటే: పసిబిడ్డను ఏమీ చేయని క్రిమి నన్నెందుకు ఇంత పడగొట్టింది? మంచం మీద ఉన్నన్నాళ్లూ దీని గురించే చదివాను, ప్రతిసారీ డాక్టర్ని అడిగాను. జవాబు ఆ క్రిమి బలంలో కంటే, నా పేగులో లేకుండా పోయినవాటిలో ఎక్కువగా ఉంది.

డిఫిసిల్ బయటి ప్రపంచంలో స్పోర్ రూపంలో, గట్టి పెంకులో నిద్రపోతున్నట్టు ఉంటుంది. అది నోటి ద్వారా పేగులోకి చేరాక మేల్కోవడానికి ఒక సంకేతం కావాలి. కాలేయం తయారుచేసే పైత్యరసంలోని కొన్ని ఆమ్లాలు ఆ సంకేతం ఇస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పేగులో కొన్ని బ్యాక్టీరియాలు ఈ ఆమ్లాలను వేరే రకం ఆమ్లాలుగా మార్చేస్తాయి. అలా మారినవి డిఫిసిల్‌ను ఎదగనివ్వవు. క్లాస్ట్రిడియం సిండెన్స్ అనే బ్యాక్టీరియా ఈ పని చేసే వాటిలో ఒకటి. దాన్ని ఇస్తే ఎలుకల్లో డిఫిసిల్‌కు నిరోధం పెరుగుతుందని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. చిగురులోని చీము మీదికి వెళ్లిన మందు ఇలాంటి వాటిని కూడా తుడిచిపెట్టింది. సంకేతమిచ్చే ఆమ్లాలు మిగిలాయి, అడ్డుకునేవి తగ్గిపోయాయి. పైగా, మిగతా బ్యాక్టీరియాలు తినేయాల్సిన చక్కెరలు, అమైనో ఆమ్లాలు తినేవాళ్లు లేక డిఫిసిల్‌కు మిగిలాయి. అప్పుడది పెరిగి, ఎ, బి అనే రెండు విషాలను వదిలి పేగు పొరను దెబ్బతీసింది.

నోటి ద్వారా వ్యాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇచ్చారు. రక్తనాళంలోకి ఎక్కిస్తే ఆ మందు పేగు లోపలికి సరిగా చేరదు, అందుకే మింగాలి. విరేచనాలు ఆగాయి. అక్క ఊపిరి పీల్చుకుంది. మందు ఆపిన కొన్నాళ్లకే మళ్లీ మొదలయ్యాయి.

నిజంగా కుంగిపోయింది అప్పుడే. నేనేం తప్పు తిన్నాను, ఎక్కడ శుభ్రత పాటించలేదు అని రాత్రంతా లెక్కలు వేసుకునేదాన్ని. డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు: మొదటిసారి ఈ జబ్బు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి మళ్లీ వస్తుంది, తిరగబెట్టిన కొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. వ్యాంకోమైసిన్ పెరుగుతున్న డిఫిసిల్‌ను అణచగలదు కానీ స్పోర్లను చంపలేదు. అంతేకాదు, అప్పుడప్పుడే తిరిగొస్తున్న మంచి బ్యాక్టీరియాలను కూడా అది దెబ్బతీస్తుంది. ఈ మాట నాకు మందు కంటే ఎక్కువ ఊరట ఇచ్చింది. రోగిని నిందించకుండా కారణం చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం.

ఇంట్లో జాగ్రత్తలు మాత్రం మారాయి. ఆల్కహాల్ శానిటైజర్ స్పోర్లను చంపదు కాబట్టి అందరం సబ్బు, నీళ్లతోనే చేతులు కడుక్కున్నాం. మరుగుదొడ్డిని బ్లీచింగ్ ద్రావణంతో కడిగేది అక్కే.

మళ్లీ తిరగబెట్టాక, ఆరోగ్యవంతులైన దాతల మలంలోని బ్యాక్టీరియాను నా పేగులోకి ఎక్కించే చికిత్స సూచించారు. వినగానే ఒళ్లు జలదరించింది, దాచుకోను. కానీ ఈ పద్ధతిని 1958లోనే డాక్టర్ ఐస్‌మన్ బృందం నమోదు చేసింది. 2013లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరీక్షలో ఒక్కసారి ఎక్కించగానే 16 మందిలో 13 మందికి నయమైంది, వ్యాంకోమైసిన్ ఒక్కటే తీసుకున్న 13 మందిలో నలుగురికే. దాతకు అంటురోగాలూ మందులకు లొంగని క్రిములూ లేవని ముందే పరీక్షిస్తారు. ఆ అంకెలు చూశాక జంకు పోయింది. కొలనోస్కోపీ ద్వారా, అంటే మలద్వారం గుండా పెద్దపేగులోకి పంపే గొట్టంతో ఎక్కించారు.

విరేచనాలు కట్టుకున్నాయి, ఆకలి వేసింది. బలం రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కడుపు కాస్త ఉబ్బినా గుండె దడదడలాడేది. క్రిమి పూర్తిగా పోయిందో లేదో మరోసారి పరీక్ష చేయమని బతిమాలాను. డాక్టరు ఒప్పుకోలేదు. లక్షణాలు తగ్గాక కూడా కొన్ని వారాల పాటు పరీక్షలో డిఫిసిల్ కనిపించవచ్చు, అది మళ్లీ జబ్బు వచ్చినట్టు కాదు, మళ్లీ నీళ్ల విరేచనాలైతేనే రండి అన్నారు. ఇంతవరకూ వెళ్లాల్సిన పని పడలేదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందు రాయకముందే నాకు డిఫిసిల్ వచ్చిందని చెబుతున్నాను.