ఆగుంబెలో ఒకే కొమ్మ, మూడు రాత్రులు

టార్చి వేసి చూపించాక కూడా రెండు నిమిషాల దాకా నాకేమీ కనపడలేదు. తడి ఆకులు, నాచు, వేలాడే తీగలు. "ఆకుల్ని చూడొద్దు సార్, ముడి ఎక్కడుందో చూడండి" అన్నాడు మా గైడు. అతన్ని అక్కడి వాళ్ళలాగే మేమూ అణ్ణా అనే పిలిచాం. అప్పుడు కనపడింది. నడుమెత్తు కొమ్మ మీద, తోక కొమ్మకి మెలేసుకుని, ఒళ్ళంతా చుట్ట చుట్టి, తల మాత్రం కాస్త కిందికి వంచి ఉంది. పచ్చటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. మలబార్ పిట్ వైపర్. మన రక్తపింజరకి చుట్టమే, కానీ దీని బతుకు ఎక్కువగా కొమ్మల మీదే.

జులైలో ఆగుంబెకి వెళ్తామంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసేది 800 మిల్లీమీటర్ల చిల్లర. కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని ఈ చిన్న ఊళ్ళో 7,000 దాటుతుంది. గొడుగు పనికిరాదు. కానీ ఈ పామును చూడాలంటే వానాకాలమే రావాలి. కప్పలు బయటికొచ్చేది అప్పుడే, వాటికోసం ఇది కొమ్మలు దిగేదీ అప్పుడే. రాచనాగుల కోసం పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో పరిశోధనా కేంద్రం పెట్టింది ఈ అడవిలోనే. అందరూ రాచనాగు గురించే అడుగుతారు. నేను మాత్రం దీనికోసమే వచ్చాను.

దగ్గరికి వెళ్ళాను, అంటే మరీ దగ్గరికి కాదు, ఆరడుగుల దూరంలో ఉండి కెమెరా జూమ్‌లో చూశాను. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య చిన్న గుంట. వేడి ఒంటి జీవి ఏది దగ్గరికొచ్చినా చీకట్లో దానికి తెలిసేది ఆ గుంట వల్లే. కనుపాప నిలువు గీతలా ఉంది. తల మీద ఒక వాన చుక్క నిలబడింది, జారలేదు. పాము అంత కదలకుండా ఉంది.

మాతో వచ్చిన ఒకాయన, ఫొటో బాగా వస్తుంది, కాస్త నాచున్న కొమ్మ మీదికి జరపమని అడిగాడు. అణ్ణ ముఖం మారిపోయింది. "అది ఊరికే కూర్చోలేదు సార్. కింద నీళ్ళున్నాయి, కప్పలొచ్చే దారి అది. అక్కడ కాచుకుని రోజుల తరబడి ఉంటుంది. మీరు జరిపితే దాని తిండి పోయినట్టే" అన్నాడు. కాటు సంగతీ చెప్పాడు. మనిషి చనిపోవడం అరుదు, కానీ వాపు, నొప్పి భరించలేం. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరల విషంతో తయారైంది. దీనికోసం చేసింది కాదు.

చిన్నప్పుడు పసిరిక పాము కళ్ళు పొడుస్తుందని చెప్తే నమ్మి, పచ్చగా కనపడిన ప్రతి పామునీ కర్రలతో కొట్టాం. ఆ రాత్రి అవన్నీ గుర్తొచ్చి మనసు బాగోలేదు.

రెండో రాత్రి వెళ్తే అదే కొమ్మ, అదే చోటు. తల మాత్రం అటు తిరిగి ఉంది. జలగలు నా పిక్కలు పట్టుకున్నా పట్టించుకోకుండా గంటసేపు నిలబడ్డాను. అణ్ణ నశ్యం చేతిలో పెట్టి, "రాసుకోండి సార్" అన్నాడు.

మూడో రాత్రి కొమ్మ సగానికి విరిగి ఉంది. కింద బురదలో కొత్త బూట్ల గుర్తులు, పక్కనే ఒక పుల్ల. సాయంత్రం వేరే బృందం ఏదో ఆ దారిన వెళ్ళిందట. ఎవరో మాకు తెలియదు. అణ్ణ చుట్టూ చెట్లన్నీ వెతికాడు, కొమ్మ కొమ్మకీ టార్చి వేసి, ఒక్క మాటా లేకుండా. దొరకలేదు. చివరికి టార్చి ఆర్పేసి మమ్మల్నీ ఆర్పమన్నాడు. చీకట్లో ఆ నీటిగుంట చుట్టూ కప్పలు అరుస్తూనే ఉన్నాయి.