నేల కరగదు, మెత్తబడుతుంది: పర్మాఫ్రాస్ట్ అంశాన్ని నేను చదివిన తీరు

మిత్రులారా, పర్యావరణం పేపరుకు తయారయ్యేవాళ్లలో చాలామంది పర్మాఫ్రాస్ట్‌ను, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలను, రెండు వాక్యాలతో సరిపెడతారు. మొదటి ప్రయత్నంలో నేనూ అంతే. ‘ధ్రువ ప్రాంతాల్లో మంచు కరిగి మీథేన్ బయటపడుతుంది, భూతాపం పెరుగుతుంది’ అని నోట్సులో రాసుకుని పక్కన పెట్టాను. మాక్ టెస్టులో అదే పదిహేను మార్కుల ప్రశ్నగా వచ్చింది. ఉన్న రెండు వాక్యాలనే రెండు పేజీలకు సాగదీశాను. దిద్దినవారు నాలుగు మార్కులు వేసి, పేజీ అంచున ఒక్క ప్రశ్న రాశారు: ‘ఇందులో విధానం (పాలసీ) ఎక్కడ?’ ఆ ప్రశ్నే నన్ను ఈ అంశంలోకి దించింది.

అసలు పొరపాటు మొదటి మాటలోనే ఉంది. మంచు కరుగుతుంది, మైనం కరుగుతుంది, నేల కరగదు. గడ్డకట్టిన నేల మెత్తబడుతుంది, కుంగుతుంది. కనీసం వరుసగా రెండేళ్లు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరో అంతకు దిగువనో ఉన్న నేల ఏదైనా పర్మాఫ్రాస్టే. మంచు బొత్తిగా లేని రాతినేలకైనా ఆ పేరు చెల్లుతుంది. దాని పైన ఏటా వేసవిలో మెత్తబడి, చలికాలంలో మళ్లీ గడ్డకట్టే పొర ఉంటుంది. దాన్ని క్రియాశీల పొర అంటారు. వేడెక్కిన కొద్దీ ఆ పొర మరింత లోతుకు దిగుతుంది. వేల ఏళ్లుగా చలిలో కుళ్లకుండా నిలిచిన వేళ్లు, గడ్డి, జంతు అవశేషాలు అప్పుడు సూక్ష్మజీవులకు అందుతాయి. గాలి ఆడే పొడినేలలో ఆ సూక్ష్మజీవులు ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌ను, నీరు నిలిచిన చోట మీథేన్‌ను కూడా వదులుతాయి. ఈ తేడా రాయకుండా అంతా మీథేనే అని రాసేవారు ఎక్కువ. ‘మీథేన్ బాంబు’ అన్న మాటను నా నోట్సులోంచి పూర్తిగా కొట్టేశాను. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందమైన ఐపీసీసీ అంచనాలు చెబుతున్నది ఒక్కసారి పేలుడు గురించి కాదు, దశాబ్దాలు, శతాబ్దాల పాటు ఆగకుండా సాగే విడుదల గురించి. నా దృష్టిలో అదే ఎక్కువ ఆందోళనకరం.

అంకెల దగ్గర నేను పడిన తప్పులో మీరు పడకండి. ఉత్తరార్ధగోళపు పర్మాఫ్రాస్ట్ ప్రాంతంలో సుమారు 1,460 నుంచి 1,600 బిలియన్ టన్నుల సేంద్రియ కార్బన్ ఉంది. వాతావరణంలో ఉన్న కార్బన్‌కు ఇది దాదాపు రెట్టింపు. అదంతా బయటికి వస్తుందని కాదు. 2021 ఐపీసీసీ నివేదిక ప్రకారం, భూమి వేడెక్కే ప్రతి డిగ్రీకి 2100 నాటికి కార్బన్ డయాక్సైడ్ రూపంలో వెలువడేది సుమారు 18 బిలియన్ టన్నుల కార్బన్. అంచనా 3 నుంచి 41 వరకు ఉంది. తాపం పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద నిలిపే అవకాశం సగం ఉండాలంటే 2020 మొదలు నుంచి మిగిలిన కార్బన్ బడ్జెట్, అంటే ప్రపంచమంతా ఇంకా వదలగలిగే కార్బన్ డయాక్సైడ్, అదే నివేదిక ప్రకారం 500 బిలియన్ టన్నులు. నేను 18ని 500 పక్కన పెట్టి ‘స్వల్పమే’ అని రాశాను. మొదటిది కార్బన్ లెక్క, రెండోది కార్బన్ డయాక్సైడ్ లెక్క. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44ను కార్బన్ పరమాణుభారం 12తో భాగించగా వచ్చే 3.67తో హెచ్చిస్తే 18 కాస్తా 66 అవుతుంది. ఆ 66ను 500 లోంచి తీసేయడమూ తప్పే. ఐపీసీసీ 2018 ప్రత్యేక నివేదిక ఇలా తాపం వల్ల ప్రకృతే వదిలే వాయువులకు (ప్రతిస్పందనలకు) సుమారు 100 బిలియన్ టన్నులను విడిగా చూపింది. 2021 నివేదిక వాటిని బడ్జెట్ లోపలే కలిపింది. ఏ ఏడాది నివేదికో రాయకుండా అంకె మాత్రమే రాస్తే సమాధానం నిలవదు.

ఇక విధానం. దేశాలు ఐక్యరాజ్యసమితికి సమర్పించే ఉద్గారాల లెక్కల్లో భూమికి సంబంధించి ‘నిర్వహణలో ఉన్న భూమి’ మాత్రమే చేరుతుంది. మనిషి చెయ్యి పడని టండ్రా (చెట్లు పెరగని ధ్రువ ప్రాంత మైదానం) నేల వదిలే వాయువు ఏ దేశం ఖాతాలోనూ పడదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రారంభించిన మీథేన్ ప్రతిజ్ఞ కూడా మానవ కార్యకలాపాల మీథేన్ గురించే. లెక్కలో లేకపోయినా గాలిలో మాత్రం చేరుతూనే ఉంటుంది. కాబట్టి దేశాలన్నీ నికర సున్నాకు (వదిలేదీ తొలగించేదీ సమానమయ్యే స్థితికి) చేరిన రోజున కూడా నేలలోంచి వచ్చేది ఆగదు. 1.5 డిగ్రీలు దాటి, తర్వాత వెనక్కి వద్దామన్న ఆలోచనకు ఇదే గట్టి అభ్యంతరం. ఉష్ణోగ్రతను తిరిగి తగ్గించగలిగినా, వెళ్లిపోయిన కార్బన్ మానవ జీవితకాలంలో ఆ నేలకు తిరిగి రాదు. పైగా నేల ఒక్కసారిగా కూలి గుంతలు, చెరువులు ఏర్పడే ఆకస్మిక ప్రక్రియలను చాలా వాతావరణ నమూనాలు (కంప్యూటర్ మోడళ్లు) ఇంకా పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం లేదు. సైబీరియాలోని బటగైకా అగాధం చిత్రాలు చూడండి, ఎంత నేల కూలిందో అర్థమవుతుంది.

ఉదాహరణలకు రష్యాలోని నోరిల్స్క్ నగరాన్ని అందరూ రాస్తారు. 2020 మేలో అక్కడ ట్యాంకు కూలి ఇరవై వేల టన్నులకు పైగా డీజిల్ ఒలికింది. మెత్తబడిన నేలే కారణమని కంపెనీ చెప్పింది కానీ, నిర్మాణ, నిర్వహణ లోపాలనూ దర్యాప్తు ఎత్తిచూపింది. ఈ రెండో వాక్యం తప్పక రాయండి.

నేను మాత్రం చివరి పరీక్షలో అలాస్కాలోని న్యూటాక్‌తో మొదలుపెట్టాను. అది స్థానిక ఆదివాసులైన యూపిక్ ప్రజల చిన్న ఊరుగా ఉండేది. నేల మెత్తబడి, నది ఒడ్డు కోసుకుపోతుంటే, 2019లో మొదటి కుటుంబాలు మెర్టార్విక్ అనే కొత్త చోటుకు తరలాయి. వరద, తుఫాను వంటి ఆకస్మిక విపత్తుల కోసం రాసిన సహాయ నిబంధనలు, ఏళ్ల తరబడి మెల్లగా కుంగుతున్న ఊరికి సరిపోలేదు. నాలుగు మార్కులతో నన్ను అడిగిన ప్రశ్నకు నేను రాసిన మొదటి నిజమైన జవాబు ఆ పేరా.