మంచు గీత 900 మీటర్ల దగ్గర

ఏప్రిల్ నెలాఖరు. మ్యూనిక్‌లో రైలెక్కి, వైల్‌హైమ్‌లో దిగి, షోన్‌గావ్ వైపు వెళ్ళే చిన్న బండిలోకి మారాను. పచ్చిక బయళ్ళ మధ్య తీరుబడిగా సాగే బండి. నేను దిగాల్సిన ఊరు హోహెన్‌పైసెన్‌బెర్గ్. ఆ పేరు తడబడకుండా పలకడం మూడో రోజుకి గాని రాలేదు. జర్మనీలోని బవేరియా రాష్ట్రం దక్షిణాన, ఆల్ప్స్ ఇంకా మొదలవకముందే ఒంటరిగా లేచిన 988 మీటర్ల కొండ. నడుం మీద ఊరు, నెత్తిన చర్చి, చర్చి పక్కన వాతావరణ కేంద్రం. ఆ కేంద్రం కోసమే వచ్చాను. 1781 జనవరి 1న అక్కడ మొదలైన కొలతలు చిన్న చిన్న ఖాళీలు తప్ప ఇవాళ్టికీ నడుస్తున్నాయి. కొండ మీది కేంద్రాల్లో ప్రపంచంలోకెల్లా ఇదే పాతదని చెబుతారు.

దిగేసరికి మంచి ఎండ. పల్చటి స్వెటర్ కూడా విప్పేయాలనిపించే వెచ్చటి గాలి. దక్షిణాన ఆల్ప్స్ వరుస మొత్తం చేయి చాపితే అందేలా ఉంది. 2962 మీటర్ల త్సుగ్‌ష్పిట్సె శిఖరం మీది గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. బస ఇచ్చిన ఇంటావిడకి డెబ్బై దాకా ఉంటాయి. "ఎంత బాగా కనిపిస్తున్నాయండీ కొండలు!" అన్నాను. ఆవిడ మొహంలో ఏ సంబరమూ లేదు.

"కొండలు ఇంత దగ్గరికొచ్చాయంటే రేపు మబ్బే. నాకు పొద్దుట్నుంచీ తలనొప్పి కూడానూ."

ఆ గాలి పేరు ఫ్యోన్. (జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని కూడా జర్మన్లు ఇదే పేరుతో పిలుస్తారు.) ఇటలీ వైపు నుంచి తేమతో వచ్చిన గాలి ఆల్ప్స్ ఎక్కుతూ అటువైపే వాన కురిపించేస్తుంది. అలా కురిసేటప్పుడు వంద మీటర్లకి అర డిగ్రీ, కాస్త పైన మాత్రమే చల్లబడుతుంది. ఇవతలికి దిగేటప్పుడు మాత్రం పొడిబారిపోయి, వంద మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. ఎక్కేటప్పుడు పోయినదాని కన్నా దిగేటప్పుడు వచ్చింది ఎక్కువ. తేమ లేదు గనక చూపుకి అడ్డం లేదు. పడమటి నుంచి చల్లగాలి తోసుకొచ్చే ముందు ఈ ఫ్యోన్ వీయడం మామూలు. ఇది ఆగిందంటే అది వచ్చి మీద పడుతుంది. కాబట్టి ఆవిడ మాట ఉత్త సామెతేమీ కాదు. తలనొప్పి సంగతి ఆవిడకే వదిలేస్తున్నాను.

రాత్రి వంటింట్లో రేడియో పెట్టింది. డిగ్రీలు, గాలులు, వాన అవకాశం అన్నీ చదువుతుంటే ఆవిడ గిన్నెలు తుడుచుకుంటూనే ఉంది. ఒక్క ముక్క దగ్గర మాత్రం చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది. 'ష్నేఫాల్‌గ్రెంజ', అంటే వాన మంచుగా మారే ఎత్తు. రేపు 900 మీటర్లు.

"ఊరు తడుస్తుంది, చర్చి తెల్లబడుతుంది. పైకి వెళ్తానన్నారుగా, మా ఆయన బూట్లు వేసుకుని వెళ్ళండి."

పగలంతా ఇరవై డిగ్రీల ఎండలో తిరిగినవాణ్ణి, లోపల నవ్వుకున్నాను. పొద్దున్నే ఆ బూట్లే వేసుకున్నాను, రెండు సైజులు పెద్దవైనా సరే.

ఊరికీ శిఖరానికీ దాదాపు రెండు వందల మీటర్ల తేడా. ఇంటి గుమ్మం దగ్గర మామూలు వాన. ఆపిల్ చెట్లు అప్పుడే మొగ్గ విచ్చుతున్నాయి. సగం దారిలో గొడుగు మీద చప్పుడు మారింది. చూస్తే సగ్గుబియ్యం లాంటి తెల్లటి గింజలు, గడ్డిలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంకో పది నిమిషాలు ఎక్కాక చప్పుడే లేదు. దూదిపింజల్లాంటి తడి మంచు, పసుపు పచ్చటి గడ్డిపూల మీద మెత్తగా కూర్చుంటోంది. వెనక్కి తిరిగి కిందికి చూస్తే పచ్చన, పైకి చూస్తే తెలుపు. గీత గీసినట్టు లేదు గానీ ఏ వంపు దగ్గర మారిందో వేలు పెట్టి చూపించగలను. రేడియోలో విన్న అంకె మీదుగా ఇలా కాళ్ళతో నడిచి వెళ్ళడం నాకదే మొదటిసారి.

అన్నట్టు, ఆకాశం నుంచి రాలినా, గడ్డి మీద పేరుకున్నా, కళ్ళ ముందు పొగలా కమ్మినా మనకి అన్నిటికీ 'మంచు' అన్న ఒక్క మాటే. ఇక్కడ ఒక్కోదానికి ఒక్కో పేరు. ఆవిడకి ఇదంతా చెప్పబోయి, సగంలో మానేశాను.

పైన చర్చి గోడలకి అప్పుడే తెల్లటి అంచు పడింది. కేంద్రం లోపలికి వెళ్ళలేదు, బయటి నుంచే చూశాను. ఈ కొలతలు మొదలుపెట్టింది శాస్త్రవేత్తలు కాదు, రోటెన్‌బూహ్ మఠానికి చెందిన సన్యాసులు. 1780లో మాన్‌హైమ్‌లో ఒక వాతావరణ సంఘం పుట్టింది. దాని పోషకుడు కార్ల్ థియోడోర్ ప్రభువు. ఒకే రకం పరికరాలు, ఒకే రకం పద్ధతి దూరదూరాల కేంద్రాలకి పంపారు, వాటిలో ఈ కొండా ఒకటి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి చదవాలి. ఆ మూడు వేళలకీ మాన్‌హైమ్ గంటలనే పేరు నిలిచిపోయింది. రోజు సగటు కట్టేటప్పుడు రాత్రి అంకెని రెండుసార్లు కలిపి నాలుగుతో భాగించేవారు, అర్ధరాత్రి లేచి చూసే పని తప్పడానికి. సంఘం పదిహేనేళ్ళ దాకా నడిచి మూతపడింది. 1803లో మఠాలే రద్దయ్యాయి. చలిలో లేచి పాదరసం చూసే అలవాటు మాత్రం ఈ కొండ మీద ఎవరో ఒకరికి అంటుకుంటూనే వచ్చింది.

దిగి వచ్చి బూట్లు పొయ్యి దగ్గర ఆరబెడుతుంటే కిటికీ నిండా టొమాటో నారు కనిపించింది. నిన్నంత వేడిగా ఉంటే బయట పెట్టలేదేమని అడిగాను.

"చల్లటి సోఫీ వెళ్ళాకే."

మే 11 నుంచి 15 దాకా రోజుకొకరు చొప్పున ఐదుగురు క్రైస్తవ పుణ్యమూర్తుల పండగలు, వాళ్ళని మంచు పుణ్యమూర్తులంటారు: మామెర్టుస్, పంక్రాట్సియుస్, సెర్వాట్సియుస్, బోనిఫాట్సియుస్, చివర సోఫీ. వాళ్ళు దాటేదాకా లేత మొక్క బయట పెట్టకూడదంటారు. మన కార్తెల లెక్కలాంటిదే. కాకపోతే 1582లో పంచాంగం సవరించినప్పుడు పది రోజులు ఎగిరిపోయాయి గనక, సామెత పుట్టిన నాటి చలి ఇప్పటి తేదీల్లో ఇంకాస్త ఆలస్యంగా రావాలి. ఆ మాట అంటే, "అందుకే నేను ఇంకో వారం ఆగుతాను" అంది.

మర్నాడు మబ్బు విడిపోయింది. తెల్లవారుజామున నా చేతిలోని ఫోన్ మూడు డిగ్రీలు చూపిస్తోంది. ఆవిడ తోటలో పల్లపు మూలన గడ్డిలో పడుకోబెట్టిన థర్మామీటర్ సున్నాకి ఒక డిగ్రీ కింద ఉంది.

"మీ ఫోన్ చెప్పేది రెండు మీటర్ల ఎత్తున ఉన్న గాలి సంగతి. నా మొక్కలు చీలమండ దాకానే ఉంటాయి."

మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. బరువెక్కిన చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి జారి నిలబడుతుంది. జర్మన్ వాతావరణ శాఖ నేల నుంచి ఐదు సెంటీమీటర్ల దగ్గర కూడా కనిష్ఠం కొలుస్తుంది, కాకపోతే ఫోన్‌లో మన కంట పడేది పై అంకె.

థర్మామీటర్ పక్కనే ఒక చిన్న కుండీ ఉంది. అందులో నారంతట్లోకీ బక్కదైన మొక్క, ఆకులు ఉడికించినట్టు నల్లబడి వేలాడుతోంది. మర్చిపోయి బయట వదిలేశారా అన్నాను.

"లేదు, ఏటా ఒకదాన్ని పెడతాను," అని మొక్కని పెరికి ఎరువు గుంటలో వేసి, కుండీ కడుక్కుని లోపలికి వెళ్ళింది. రేడియో పెట్టిన చప్పుడు వినిపించింది.