ఐర్లండ్ కౌన్సిల్ ఫలితాలు: మొదటి రౌండ్‌తో అయిపోదు

2024 జూన్ 7న ఐర్లండ్‌లో 31 కౌన్సిళ్లకు (అంటే స్థానిక సంస్థలకు), 949 సీట్లకు ఎన్నికలు జరిగాయి. ఓట్లన్నీ కాగితం బ్యాలెట్ల మీదే, లెక్కింపు మర్నాడు మొదలై కొన్నిచోట్ల రోజుల తరబడి సాగింది. నాకు ఆ ఆలస్యమే నచ్చుతుంది.

అక్కడ ఓటరు ఒక్కరికే ముద్ర వేసి ఊరుకోడు, నచ్చిన వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. ఒక వార్డులో 5 సీట్లు, చెల్లిన ఓట్లు 12,000 అనుకోండి, సీట్ల కంటే ఒకటి ఎక్కువ, అంటే ఆరుతో భాగించి ఒకటి కలిపితే 2,001, అదే కోటా. అది దాటినవాళ్లు గెలిచినట్టే, వాళ్లకు కోటాకు మించి వచ్చిన ఓట్లు తర్వాతి ఇష్టాల ప్రకారం వేరేవాళ్లకు వెళ్తాయి. ఎవరూ కోటా దాటకపోతే చివరి అభ్యర్థిని తప్పించి, అతని బ్యాలెట్లను మళ్లీ పంచుతారు. మొదటి రౌండ్‌లో వెనకబడినవాళ్లు ఇలా పైకి రావడం మామూలే, అందుకే ఆఖరి సీటు తేలేదాకా ఒకటే టెన్షన్. పార్టీల మనుషులైతే బ్యాలెట్లు విప్పుతుండగానే కటకటాల ఇవతల నిలబడి ఒక్కోటీ గీతలు పెట్టుకుంటూ, అధికారిక లెక్క రాకముందే ఫలితం అంచనా వేసేస్తారు!

ఆ ఎన్నికల్లో ఫియానా ఫాయిల్ పార్టీకి 248 సీట్లు, ఫైన్ గేల్ పార్టీకి 245 వచ్చాయి, షిన్ ఫేన్ పార్టీ 102 దగ్గర ఆగింది. స్వతంత్రులు కూడా బాగా గెలిచారు.

మన రాజ్యసభ ఎన్నికలూ ఇదే పద్ధతి, కానీ రాజ్యసభకు ఓటేసేది ఎమ్మెల్యేలు. ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం పౌరసత్వం లేకపోయినా కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు, పేరు నమోదు చేసుకుంటే చాలు. దయచేసి చేసుకోండి.